కాలులేదనుటకు ఎన్ని సాక్ష్యములు?

కాలు లేనివానిని కచేరికి రప్పించి, నీకు కాలు లేదని ఋజువు చేయుమని అడుగుట ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతమో మాకు బోధపడకున్నది. అడుగువారికి కన్నులున్నవి. అడుగబడువాడు వారి యెదుటనే నిలుచున్నాడు, లేదా నిలువలేక గోడకు చేరగిలబడి యున్నాడు. అయినను కాగితము కావలయునట. ఆ కాగితము పుట్టుటకు మఱియొక కాగితము కావలయునట. రెండును చేతికి వచ్చిన పిమ్మట, మూడవ కార్యాలయమువారు ఆ రెండింటిని నమ్మక తమ కాగితమును తామే వ్రాసికొందురట. సికింద్రాబాదు వంటి మహాపట్టణమున, వైద్యులకు గాని గుమాస్తాలకు గాని కంప్యూటర్లకు గాని కొదువలేని చోట, ఈ తతంగము నిత్యము జరుగుచుండుట చూచినవారికి, మన ప్రభుత్వము సహాయము చేయబూనినదా, నేరవిచారణ చేయబూనినదా యను సంశయము కలుగక మానదు.

శాసనమును నిందించుటకు మాకు నోరు రాదు. శాసనము మంచిది. నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము సంభవించినపుడు ప్రభుత్వ సహాయము పొందు హక్కును తన శక్తికొలది పౌరునకు కల్పింపవలెనని రాజ్యాంగము 41వ అధికరణమున రాజ్యమును ఆదేశించినది. 1995లో వచ్చిన చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించెను. దాని స్థానమున పార్లమెంటు 2016లో ఆమోదింపగా, 2017 ఏప్రిలు 19 మొదలు అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించినది. కండరముల క్షీణత, తలసేమియా, ఆమ్లదాడివలన కలిగిన వైకల్యము, కుష్ఠు నయమైన పిమ్మట మిగిలిన వైకల్యము మొదలగునవి అందు చేరినవి. ఇతరులకిచ్చు సహాయముకంటె వికలాంగులకిచ్చునది నూటికి ఇరువదియైదు వంతులైనను హెచ్చుగా నుండవలెనని ఆ చట్టము 24వ విభాగము చెప్పుచున్నది. చట్టము పేరులోనే హక్కులను మాట యున్నది. దయ యను మాట లేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రిగారు రేడియో ప్రసంగమున వికలాంగులను దివ్యాంగులని పిలువవలెనని సూచించిరి. నాటినుండి బోర్డులు మారినవి. బోర్డుక్రింద నిలిచిన వరుస మారలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇంత చక్కగా అన్వయించు తావు మఱియొకటి దొరకదు.

ఈ పూజారి గుడిలో ప్రదక్షిణము ఎట్లు సాగునో, ఎరుగని పాఠకులకొఱకు కొంచెము వివరింతుము. ఉమ్మడి రాష్ట్రమునాడు సదరం అను కంప్యూటరు పద్ధతి వచ్చినది. తెలంగాణలో 2025 మార్చి మొదలు దాని స్థానమును కేంద్రప్రభుత్వపు యూడీఐడీ కార్డు ఆక్రమించినది. పేరు ఏదైనను దారి యొకటే. ముందు ఆన్‌లైనులో దరఖాస్తు. దానికి ఆధార్ సంఖ్య, ఛాయాచిత్రము, ఫోను సంఖ్య. పిమ్మట పరీక్షకు తేదీ, అనగా స్లాటు. కన్నులు లేనివాడు ఆ తెరను చదువలేడు. వ్రేళ్లు కొంకర్లు పోయినవాడు ఆ మీటలు నొక్కలేడు. కావున మీసేవ కేంద్రమున కూర్చున్న కుఱ్ఱవాని తీరిక కొఱకు కాచుకొనవలసినదే. (ఆ కుఱ్ఱవారిలో దయాళువులున్నారు. వారు లేకున్న ఈ యంత్రము ఒక్కదినమైనను నడువదు.) ఇట్టి డిజిటల్ ద్వారములు వికలాంగులకు తెరచియుండుట జీవించు హక్కులో భాగమేయని, ముఖము ఆమ్లముతో కాలినవారును చూపులేనివారును తెచ్చిన వ్యాజ్యములలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిలు 30న తీర్పు చెప్పినది. బ్యాంకులవారు గుర్తింపు కొఱకు కనురెప్పలు ఆర్పుమనుచుండగా, రెప్పలే కాలిపోయినవారు ఏమి ఆర్పుదురు? ఆ ప్రశ్న పుట్టుటకు దేశమున ఒక సర్వోన్నత న్యాయస్థానము కావలసివచ్చినది!

తేదీ దొరకిన నాడు ఆసుపత్రికి పోవలెను. వైద్యమండలి చూచి శాతము వేయును. కార్డు వచ్చును. అంతటితో పని ముగిసినదని తలంచువాడు అమాయకుడు. పింఛనుకు దరఖాస్తు వేఱు, దానికి ఆదాయపు పత్రము వేఱు, విచారణ వేఱు, ఆ పిమ్మట ప్రభుత్వమువారు క్రొత్త పింఛనులు మంజూరు చేయు పుణ్యకాలము వచ్చువఱకు నిరీక్షణ. రైలు రాయితీకి రైల్వేవారి కార్డు వేఱు. దానికి వారి నమూనాలోనే వైద్యుడు వ్రాసిన ధ్రువపత్రము కావలెను. దక్షిణమధ్య రైల్వే ప్రధాన కార్యాలయము 1966 నుండి మన ఊరనే యున్నది గనుక దూరము పోనక్కరలేదనుట యొక్కటే సంతోషము. బస్సు పాసు వేఱు. ఇంతమంది ఇన్నిమారులు అడుగుచున్నది ఒక్కటే ప్రశ్న: నీవు వికలాంగుడవేనా? అయితే 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలలోనే, ఒకమారు ఇచ్చిన వైకల్య ధ్రువపత్రము సర్వసామాన్యముగా సకల ప్రయోజనములకు చెల్లవలెనని వ్రాసియున్నది. తాము వ్రాసిన దానిని తామే చదువని ప్రభుత్వమునకు చదువు చెప్పువారెవరు?

మేమెరిగిన యొక దర్జీ చిలకలగూడలో మిషను పెట్టుకొని బ్రదుకుచున్నాడు. మూడవయేట పోలియో సోకి కుడికాలు చచ్చుబడినది. అతని పాత ధ్రువపత్రముపై తాత్కాలికమని వ్రాసియుండెను. నలుబదియేండ్లక్రిందట చచ్చిన కాలు మఱి అయిదేండ్లకు ప్రాణము పోసికొనునని ఏ వైద్యశాస్త్రము చెప్పినదో! గడువు తీరినది, పింఛను ఆగినది. క్రొత్త పరీక్షకు ఒక ఆసుపత్రికి పోగా ఆనాడు వైద్యుడు సెలవు. రెండవమారు కంప్యూటరు పనిచేయలేదు. మూడవమారు పరీక్ష జరిగినది గాని గది మేడమీద నుండెను, లిఫ్టు చెడియుండెను. కొడుకు తండ్రిని వీపున మోసికొని మెట్లెక్కినాడు. వైద్యుడు శాతము వ్రాయుచు, "మునుపటికంటె బాగున్నట్లున్నావే" అనెనట. దర్జీ ఆ మాటను మాకు చెప్పుచు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. పింఛను మఱల మొదలైనది గాని ఆగిన నెలల సొమ్ము రాలేదు.

మెట్లమాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పి ముందునకు పోదుము. ప్రభుత్వ భవనములు, రవాణా, సమాచారము వికలాంగులకు అందుబాటులో నుండవలెనను నియమములు కేవలము సలహాలుగా నుండిన చాలదనియు, విధిగా అమలు చేయదగినవిగా మూడునెలలలో ఏర్పరుపవలెననియు సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి వ్యాజ్యమున 2024 నవంబరు 8న ఆజ్ఞాపించినది. ఆ తీర్పునకు ఆలంబనమైన నివేదికను సిద్ధపరచినది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమే. బుద్ధిమాంద్యము గలవారి సాధికారత కొఱకు 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ మన బోయినపల్లిదగ్గర మనోవికాస్ నగరులోనే యున్నది. దేశమునకంతకు ఈ విద్యను నేర్పువారు మన యిరుగుపొరుగువారు. దీపముక్రిందనే చీకటి యనుటకు ఇంతకంటె తార్కాణమేల?

ఇక లెక్క చూతము. దినకూలి ఆరునూఱు రూపాయలనుకొందము. వికలాంగుడు ఒంటరిగా పోలేడు. తోడుగా పోవు భార్యకో కొడుకునకో ఆనాటి కూలి పోవును. మీసేవకు, ఆసుపత్రికి, తహసీలుదారు కచేరికి, బ్యాంకుకు కలిపి ఆరుమారులు తిరిగిరనుకొందము. ఇది తక్కువ లెక్కయే. కూలినష్టము ఏడువేల రెండునూఱులు. ఆటో బాడుగ రానుపోను మూడునూఱుల చొప్పున పదునెనిమిది నూఱులు. మొత్తము తొమ్మిదివేలు. రెండునెలల పింఛనుకంటె అధికము. కడుపు నిండనివాడు పట్టెడన్నము కొఱకు ముందుగా తొమ్మిదివేలు మదుపు పెట్టవలెనను వ్యాపారసూత్రము మన ప్రభుత్వమువారు తప్ప ఇతరులు కనిపెట్టలేరు.

ఆ పింఛను మొత్తమునుగూర్చియు ఉన్నమాట చెప్పవలెను. 2014 నవంబరులో ఆసరా పథకము మొదలైనపుడు వికలాంగునకు నెలకు 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016. ఆ పెంపు న్యాయమైనది. చేసినవారికి ఆ మేరకు కీర్తి దక్కవలసినదే. 2023 ఎన్నికలలో ఆరువేలు చేయుదుమని చెప్పి గెలిచినవారిని, ఆ మాట నిలువబెట్టుడని 2025లో శ్రీ మంద కృష్ణ మాదిగగారు సభలు పెట్టి అడుగవలసి వచ్చినది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై మొదలు ఆరువేలు ఇచ్చిరి. ఢిల్లీవారి సంగతి చెప్పుకొనుటకే సిగ్గు. 2009లో ఇందిరాగాంధీగారి పేర వారు పెట్టిన జాతీయ వికలాంగ పింఛనులో కేంద్రము వంతు 2012లో 300 రూపాయలైనది. ఆ తరువాత బియ్యము ధర పెరిగినది, మందుల ధర పెరిగినది, పార్లమెంటు సభ్యుల జీతములు పెరిగినవి. ఆ మూడునూఱులు చాలకాలము మూడునూఱులుగానే నిలిచినవి. అదియైనను నూటికి ఎనుబది వంతుల వైకల్యము గలవానికి మాత్రమే!

నూటికి ఎనుబది, నూటికి నలుబది యను ఈ తూనికరాళ్లు ఎక్కడివి? మనుష్యుని శరీరమును వంతులుగా కొలుచు విద్య మన దేశమున చట్టమెక్కినది తెల్లదొరల కాలమున. బొటనవ్రేలు పోయిన ఇంత, కన్ను పోయిన ఇంతయని 1923 నాటి కార్మిక పరిహార చట్టము ఒక పట్టికను తగిలించినది. మిల్లు యజమాని చెల్లింపవలసిన సొమ్మును లెక్కగట్టుటకు ఆ పట్టిక పుట్టినది. మనుష్యుడెట్లు బ్రదుకునో తెలిసికొనుటకు కాదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటకూడ ఆ త్రాసును మనము క్రింద పెట్టలేదు. నేటి చట్టము నలుబది వంతులను మేర చేసినది. ఆసరా నిబంధనలు చెవిటివారికి ఏబదియొకటి చేసినవి. ముప్పదితొమ్మిది వంతుల వైకల్యము గల మేస్త్రీ పరంజా ఎక్కగలడా? ఎక్కలేడు. పింఛను వచ్చునా? రాదు. నలుబది గల గుమాస్తాకు వచ్చునా? ఆదాయము అడ్డురాకున్న వచ్చును. ఒకని వృత్తిని, ఇంటిని, వీథిని చూడక ఒంటిని మాత్రమే చూచు కొలతకు ఇదియే ఫలము. సుప్రీంకోర్టు ఈ త్రాసును రెండుమారులు ప్రశ్నించినది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వ్యాజ్యమున, నలుబది వంతులు లేవను కారణమున పరీక్షలో వ్రాతసహాయకుని నిరాకరింపరాదనెను. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ వ్యాజ్యమున, శాతమును మాత్రమే చూచి వైద్యవిద్యకు అనర్హుడనరాదు, వాని సామర్థ్యమును చూడవలెననెను. ఈ న్యాయము పింఛనుకిటికీవఱకు ఎప్పుడు నడచివచ్చునో!

అన్నింటికంటె మమ్ము కలచివైచినది వేఱొకటి. 2017 నిబంధనల ప్రకారము దరఖాస్తు చేసిన నెలదినములలో ధ్రువపత్రము ఈయవలెను. ఆ గడువు ఎచ్చటను పాటింపబడలేదని అందఱును మొఱపెట్టుచుండగా, 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు నిబంధనలను సవరించిరి. ఎట్లు సవరించిరి? ఆలస్యము చేసినవారిని దండించిరా? లేదు. నెలను మూడునెలలు చేసిరి! అంతటితో ఆగక, వైద్యాధికారులు రెండేండ్లవఱకు ఏ నిర్ణయమును చేయనిచో ఆ దరఖాస్తు నిద్రాణమగుననియు, దరఖాస్తుదారుడు మఱల దరఖాస్తు చేయవలెను, లేదా దానిని మేల్కొలుపుమని వేడుకొనవలెననియు వ్రాసిరి. నిద్రపోయినది అధికారి, చచ్చినది దరఖాస్తు, తద్దినము పెట్టవలసినది వికలాంగుడు. మేము ఇన్నియేండ్లుగా న్యాయస్థానములలో తిరుగుచున్నాము. ప్రతివాది తప్పునకు వాదిని శిక్షించు సూత్రమును మఱెక్కడను చూడలేదు. చట్టము 91వ విభాగము, మోసముచేసి వికలాంగుల సౌకర్యము పొందినవానికి రెండేండ్లవఱకు చెఱ విధించుచున్నది, మంచిదే. రెండేండ్లు కాగితమును బల్లమీద నిద్రపుచ్చినవానికి ఏమున్నది?

మోసములు లేవా యని కొందఱడుగుదురు. ఉన్నవి. 2024లో మహారాష్ట్రమున శిక్షణలోనున్న ఒక ఉన్నతోద్యోగిని వైకల్యపత్రములమీద దేశమంతట రచ్చ జరిగినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనర్హులు చేరిరని పింఛనుదారులను మఱల పరీక్షింపించి నోటీసులీయగా, మంచముపట్టినవారు సైతము రోడ్డెక్కిరి. గగ్గోలు పుట్టిన పిమ్మట అప్పీలు చేసికొన్నవారికి పింఛను నిలుపబోమని చెప్పవలసి వచ్చినది. మా ప్రశ్న యొక్కటే. దొంగపత్రము తనంతట తాను పుట్టదు. దానిమీద ఒక వైద్యుని సంతకముండును, ఒక కార్యాలయపు ముద్ర యుండును. సంతకము పెట్టిన చేతిని పట్టుకొనిన దొంగ దొరకును. అది విడిచి, లక్షలమందిని మఱల వరుసలో నిలుపుట చెఱువులో చేప కొఱకు ఊరి బావులన్నియు తోడినట్లున్నది. డబ్బున్న దొంగ రెండవమారును పత్రము కొనగలడు. నిజమైన వికలాంగుడు రెండవమారు ఆటో బాడుగను భరింపలేడు. పరీక్షలు పెంచినకొలది జల్లెడలో మిగులువాడు ఎవడో, జారిపోవువాడు ఎవడో పాఠకులే ఊహింతురు గాక.

ఋజువు భారము ఎవనిమీద నుండవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. మన దండుపేటవారికి ఇది బాగుగా తెలియును. సికింద్రాబాదులోని ఈ.ఎం.ఈ. రికార్డుల కార్యాలయమునకు వైకల్య పింఛను కాగితములతో వచ్చు మాజీ సైనికులను చూడనివారుండరు. ధరమ్‌వీర్ సింగ్ అను సిపాయి తొమ్మిదేండ్లు సేవచేసిన పిమ్మట మూర్ఛవ్యాధి కారణముగా 1994లో ఇంటికి పంపబడెను. ఆ వ్యాధికి సేవతో సంబంధము లేదని పింఛను నిరాకరించిరి. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఏమి చెప్పినది? సైన్యమున చేర్చుకొన్ననాడు వ్యాధి యున్నదని వ్రాసికొననిచో, వాడు ఆరోగ్యవంతుడుగానే చేరెనని భావింపవలెను. కాదని ఋజువుచేయు భారము ప్రభుత్వముదే. సందేహముండిన ఆ ఫలము సైనికునకే దక్కవలెను. పందొమ్మిదేండ్లు పట్టినను మాట వచ్చినది. తుపాకి పట్టినవానికి చెల్లిన ఈ న్యాయము సూది పట్టిన దర్జీకి ఏల చెల్లదు? బ్రిటిషువారి సంగతి చూచినను ఇట్లే యున్నది. అక్కడ వికలాంగుల పరీక్షను ఏటోస్ అను ప్రైవేటు కంపెనీకి గుత్తకిచ్చిరి; పని చేయగలరని తేల్చబడినవారు గగ్గోలుపెట్టగా ఆ కంపెనీ 2015లో గుత్తను గడువుకు ముందే వదలుకొనెను. 2013లో మొదలైన వారి క్రొత్త సహాయభృతి విషయమున, విచారణవఱకు వెళ్లిన అప్పీళ్లలో సగమునకు మించి వికలాంగులే గెలుచుచు వచ్చిరి. అనగా మొదటి నిర్ణయము అన్నిమారులు తప్పినదన్నమాట. అచ్చటివారికి అప్పీలు వరకు తీసికొనిపోవు తోడు దొరకినది. మనవారికి నిరాకరణకు కారణమైనను కాగితముమీద దొరకదు.

నిజామురాజ్యమున మన పెద్దలు దేనిపై మొదట కన్నెఱ్ఱ చేసిరో జ్ఞాపకము చేసికొందము. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరికి వ్యతిరేకముగా కరపత్రములు వేసినది. అధికారి సౌకర్యము కొఱకు పేదవాని దినమును కూలి లేకుండ లాగికొనుటయే వెట్టి. కిటికీనుండి కిటికీకి త్రిప్పుచు, నేడు రాకు రేపు రమ్మనుచు వికలాంగుని దినములను లాగికొనుటకు వేఱొక పేరు మాకు తోచుట లేదు.

మేమడుగునది కొండమీది కోతిని కాదు. మాఱుపాటు లేని వైకల్యమునకు ఒక్క పరీక్ష, ఒక్క పత్రము. పిమ్మట వానిని పిలువరాదు. పింఛను మంజూరైన తేదీనుండి కాదు, దరఖాస్తు చేసిన తేదీనుండి ఈయవలెను. అట్లు చేసిననాడు ఆలస్యమునకు ఖర్చు ఖజానామీద పడును, అప్పుడు ఫైళ్లు వాటంతట అవియే కదలును. మూడునెలలు దాటినచో తాత్కాలికముగానైన పింఛను మొదలిడవలెను. మంచముపట్టినవాని యింటికి వైద్యుడే పోవలెను. ఓటు కొఱకు ఇంటికి పోగలిగిన ప్రభుత్వమునకు ఇది అసాధ్యము కాదు. కాదన్నచో కారణమును తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి, 59వ విభాగము క్రింద అప్పీలు ఎచ్చట చేసికొనవలెనో అదే కాగితముమీద చెప్పవలెను.

ప్రభుత్వము చేయువఱకు కూర్చుందుమా? 1901లో సుల్తాన్‌బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు మన పఠనమందిరములు చదువురానివారికి చదువైనవి. వానిలో ఆదివారమునాడు ఒక బల్ల, ఇద్దఱు యువకులు, ఒక ఫోను చాలును. మా న్యాయవాద మిత్రులు వంతులవారీగా వత్తురు. వారితో మేము మాటాడియున్నాము. దరఖాస్తు నింపుట, స్లాటు తీసికొనుట, ఆసుపత్రికి తోడుపోవుట యువకుల పని. గడువు దాటినపుడు 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఫైలు ఎవరి బల్లమీద ఎన్నిదినములు ఉన్నదో అడుగుట, రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు వ్రాయుట న్యాయవాదుల పని. ఆ కమిషనరునకు సాక్షులను రప్పించుటలో సివిలు న్యాయస్థానపు అధికారములున్నవి, అవి వాడుకకు రావలెను. ఒక్క జాగ్రత్త చెప్పి విరమింతుము. దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోట తేదీ, సంఖ్య గల రసీదు తీసికొననిదే కిటికీ వదలరాదు. మూడునెలలు ఆనాటినుండియే లెక్కకు వచ్చును.